నాన్నది ప్రమాదమేనని సంతకం పెట్టమంటున్నారు

ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో పుట్టి, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. ఊరిని, మనుషులను పోల్చుకునే వీలు లేకుండా సారాంశం ఇస్తున్నాను.

ఆమె తండ్రి రెండుసార్లు సర్పంచిగా చేశారు. పదవి దిగిపోయాక కూడా పాసుపుస్తకంలో పేరు తప్పు పడినా, అన్నదమ్ములు గట్టు దగ్గర కొట్టుకున్నా జనం ఆయన ఇంటికే వచ్చేవారు. మూడేళ్ల కిందట ఊరి చుట్టుపక్కల సోలార్ ప్లాంటు కోసం భూములు లీజుకు తీసుకోవడం మొదలైంది. వానల్లేని నేల కాబట్టి చాలామంది రైతులు సంతోషంగానే ఇచ్చారు. పేచీ మేత పోరంబోకు దగ్గర వచ్చింది. పాత రికార్డుల్లో పశువుల మేతకని ఉన్న నేల, ఆన్‌లైన్ అడంగల్‌లోకి వచ్చేసరికి కొందరి పేర్ల మీదికి ఎక్కింది. ఆ పేర్లవాళ్లు దాన్ని కూడా ఏజెంటుకు లీజుకు రాసిచ్చారు. తండ్రి సమాచార హక్కు కింద కాగితాలు తీయించారు, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు ఇచ్చారు, చివరికి సివిల్ కోర్టులో దావా వేశారు. ఈయన వల్ల ప్లాంటే ఆగిపోయేలా ఉంది, మన లీజు డబ్బులు పోతాయని ఊళ్లో సగం మంది ఆయనతో మాట్లాడటం మానేశారు.

అయిదు వారాల కిందట ఒక రాత్రి ఆయనకు ఫోన్ వచ్చింది. "ఫలానా ఆయన మాట్లాడుకుందాం రమ్మంటున్నాడు, క్రాస్ దాకా పోయొస్తా" అని భార్యకు చెప్పి బండి మీద వెళ్లారు. కొన్ని గంటల తర్వాత రోడ్డు పక్కన శవమై కనిపించారు. ఫోన్ దొరకలేదు. బండికి హెడ్‌లైటు కూడా పగల్లేదని చూసినవాళ్లు చెప్పారు. గుర్తు తెలియని వాహనం ఢీకొట్టిందని పోలీసులు కేసు రాశారు. పోస్టుమార్టం అయింది, ఖననం చేశారు. స్టేషన్లో ఉన్న బండి తీసుకెళ్లమని ఇప్పుడు కబురు పెడుతున్నారు.

ఈలోగా పెదనాయన ఒక రాజీ మాట తెచ్చారు. పదిహేను లక్షలు ఇస్తారట. మాకు ఎవరి మీదా అనుమానం లేదు, మేత భూమి విషయంలో ఇక అభ్యంతరం లేదు అని స్టాంపు కాగితం మీద తల్లి, ఇద్దరు పిల్లలు సంతకం చేయాలట. తమ్ముడు ట్రాక్టరు పెట్టుకుని ఆ ప్లాంటు పనులకే మట్టి తోలుతున్నాడు, "ఒప్పుకుందాం అక్కా, నన్ను కూడా పోగొట్టుకుంటారా" అంటున్నాడు. ఊళ్లో నలుగురైదుగురు చాటుగా "అది యాక్సిడెంటు కాదమ్మా" అంటారు, పోలీసుల దగ్గర చెప్పమంటే తలుపు వేసుకుంటారు. ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు ఇంటర్వ్యూ ఇవ్వమని వెంటపడుతున్నారు. "నేను చివరిసారి మాట్లాడినప్పుడు, ఎందుకు నాయనా మనకీ గొడవ, ఊరికి లేని బాధ నీకెందుకని విసుక్కున్నాను. ఇప్పుడు సంతకం పెడితే ఆయన్ని రెండోసారి చంపినట్టు ఉంటుంది. పెట్టకపోతే తమ్ముడికి ఏమవుతుందోనని టెన్షన్. ఏం చేయమంటారు?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ చేతిలో ఇప్పుడు మూడు వేర్వేరు విషయాలున్నాయి: నాన్నగారు ఎలా చనిపోయారు, ఆ మేత నేల ఏమవుతుంది, మీ ముగ్గురూ ఇకమీద ఎలా బతుకుతారు. మీ ముందు పెట్టిన కాగితం ఈ మూడింటినీ ఒక్క సంతకంతో కట్టేస్తోంది. నాకు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం అక్కడే. నిజంగా సాటి మనిషి మీద జాలితో ఇచ్చే డబ్బయితే అందులో మేత భూమి ప్రస్తావన దేనికి? అంతమాత్రాన డబ్బు ఇస్తామన్నవాళ్లే ఆయన్ని చంపారని నేను అనను, మీరూ అనుకోకండి. దావా వేసిన మనిషి పోయాడు కాబట్టి ఇదే అదను అనుకునేవాళ్లు కూడా అలాంటి కాగితమే రాస్తారు. ఆ ముసాయిదా ఎవరు రాశారో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో గుర్తుపెట్టుకుని, ఫొటో తీసి దాచండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ముందు ఆపిన వాక్యం అమ్మగారు చెప్పినది. ఫలానా ఆయన రమ్మంటున్నాడు అన్న ఆ మాట. దాన్ని పోలీసులు ఇంతవరకు రాసుకోలేదని మీరు ఎక్కడో చివర్లో, మామూలు విషయంలా రాశారు. చనిపోయిన మనిషి తన చావుకు దారితీసిన పరిస్థితుల గురించి చెప్పిన మాటను మన సాక్ష్య చట్టం సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. పాత చట్టంలో అది 32వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 26వ సెక్షన్. ఈ విషయంలో దేశమంతా ఇప్పటికీ చెప్పుకునే తీర్పు మన తెలుగువాళ్ల కేసులోదే. 1937లో పూరీ స్టేషన్లో, రైలు పెట్టెలో ఉన్న ఒక ట్రంకులో శవం దొరికింది. చనిపోయినతను పిఠాపురం దివాన్ దగ్గర బంట్రోతుగా పనిచేసినవాడు. తనకు రావాల్సిన డబ్బు ఇస్తామని రమ్మన్నారు, బరంపురం వెళ్తున్నానని భార్యకు చెప్పి ఇల్లు దాటాడు. పాకాల నారాయణస్వామి కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో, భార్యకు చెప్పిన ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందని 1939లో, అప్పట్లో మనకు చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. మీ అమ్మగారు విన్నది కూడా అలాంటి మాటే. అయితే దానివల్ల ఆయన్ని ఎవరు పిలిచారో తెలుస్తుంది, అంతవరకే. పిలిచినతను నిజంగానే మాట్లాడి పంపించి ఉండొచ్చు. కానీ దర్యాప్తు మొదలవ్వాల్సింది ఆయన దగ్గరే.

కాబట్టి అమ్మగారి వాంగ్మూలం రాయించడం ఈ వారంలోనే జరగాలి. ఆడవాళ్లను వాంగ్మూలం కోసం స్టేషన్‌కు పిలవడానికి వీల్లేదు, పోలీసులే ఇంటికి రావాలి. ఆమెతో ముందుగా రిహార్సల్ చేయించకండి, ఇలా చెప్పు అలా చెప్పు అని నేర్పకండి. నేర్పిన మాట కోర్టులో మొదటి ప్రశ్నకే విరిగిపోతుంది. ఆమెకు గుర్తున్నంతే, ఆమె యాసలోనే, తేదీ వేసి మీరొక కాగితం మీద రాసి పెట్టుకోండి చాలు.

దాంతో పాటు దర్యాప్తు అధికారికి మీ పేరుతో ఒక లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. అందులో హంతకుల పేర్లు రాయాల్సిన పని లేదు. భూమి తగాదా ఉందని, ఆ రాత్రి ఫోన్ వచ్చిందని, ఫోన్ దొరకలేదని, ఆయన ఇంతకుముందు ఇచ్చిన అర్జీలు ఇవీ అని వాస్తవాలు మాత్రం రాసి, అనుమానాస్పద మృతిగా కూడా దర్యాప్తు చేయమని కోరండి. ఈ సెక్షన్ల గొడవ మనకెందుకు అనిపించవచ్చు. నిర్లక్ష్యం వల్ల మరణం అంటే గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. ఏడేళ్లు, ఆ పైన శిక్షపడే నేరాలకే ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావడం తప్పనిసరి చేయాలని కొత్త నేర ప్రక్రియా చట్టం చెబుతోంది. కేసు ఏ గదిలో పడితే దర్యాప్తు ఆ మేరకే ఉంటుంది.

అదే ఫిర్యాదులో నాలుగు వస్తువులు భద్రం చేయమని అడగండి. మొదటిది నాన్నగారి నంబరు కాల్ డేటా. టెలికాం కంపెనీలు దాన్ని రెండేళ్లు ఉంచాలి కాబట్టి సమయం ఉంది, కానీ అడగాల్సింది పోలీసులే. రెండోది క్రాస్ దగ్గరి పెట్రోల్ బంకు, దాబాల సీసీ కెమెరా రికార్డింగు. అయిదు వారాలైంది కాబట్టి చెరిగిపోయే ఉండొచ్చు, అయినా అడగండి. అడిగినా తేలేదన్నది కూడా రేపు కోర్టులో ఒక విషయమే. మూడోది బండి. దయచేసి తమ్ముణ్ని ఇప్పుడే తెచ్చుకోవద్దని చెప్పండి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు తనిఖీ చేసి నివేదిక ఇచ్చారో లేదో కనుక్కోండి. తెచ్చాక కడిగినా, రిపేరు చేయించినా సాక్ష్యం పోయినట్టే. హెడ్‌లైటు పగలకపోవడం మీకు పెద్ద అనుమానంగా ఉంది. వెనక నుంచి తగిలితే ముందు లైటు పగలకపోవచ్చు. దాని అర్థం తేల్చాల్సింది ఆ ఇన్‌స్పెక్టరే. నాలుగోది శవ పంచనామా, పోస్టుమార్టం నివేదికలు. వాటి నకళ్లు తీసుకుని, ఆ ఆసుపత్రితో సంబంధం లేని ఏదైనా వైద్య కళాశాల ఫోరెన్సిక్ మెడిసిన్ ప్రొఫెసరుకు చూపించండి. వాహనం ఢీకొన్న దెబ్బలకు ఒక తీరు ఉంటుంది, కర్రతోనో రాడ్డుతోనో కొట్టిన దెబ్బలకు ఇంకో తీరు ఉంటుంది. చదవడం వచ్చినవాళ్లకు నివేదిక చాలా చెబుతుంది.

ఖననం చేశారు కాబట్టి మేజిస్ట్రేట్ ఆదేశంతో శవాన్ని వెలికితీసి మళ్లీ పరీక్ష చేయించే దారి చట్టంలో ఉంది. అది మీ అమ్మగారికి ఎంత నరకమో నేను చెప్పక్కర్లేదు. మొదటి నివేదిక చూసిన డాక్టరు, ఇక్కడ ఏదో వదిలేశారు, మళ్లీ చూస్తే తేలుతుంది అని స్పష్టంగా చెప్తే తప్ప ఆ దారి పట్టకండి.

పోలీసులు మీ ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో అఫిడవిట్‌తో పిటిషన్ వేయవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలని 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం చెబుతోంది. వాహనం దొరకలేదని కేసు మూసేస్తే మీకు నోటీసు రావాలి, మీరు కోర్టులో అభ్యంతరం చెప్పుకోవచ్చు. మహిళగా మీకు, అమ్మగారికి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. వాళ్ల ఫోన్ నంబరు 15100. వీలైతే మీ తాలూకాలో కాకుండా జిల్లా కేంద్రంలో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని అడగండి. చిన్న ఊళ్లలో ఎవరి బంధువులు ఎవరో చెప్పలేం.

ఇక్కడ కాస్త కఠినమైన మాట చెప్పాలి. ఈ దారి పొడవైనది, చివర్లో ఏముంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. గుజరాత్‌లో గిర్ అడవి చుట్టూ అక్రమ గనుల మీద పోరాడిన అమిత్ జేఠ్వాను 2010లో అహ్మదాబాద్ హైకోర్టు ఎదురుగానే కాల్చి చంపారు. తండ్రి పట్టు వదలకుండా తిరిగితే కేసు సీబీఐకి వెళ్లింది. విచారణలో 195 మంది సాక్షుల్లో 105 మంది అడ్డం తిరిగారు. హైకోర్టు మళ్లీ విచారణ చేయించింది, 2019లో శిక్షలు పడ్డాయి, 2024లో అదే హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. పద్నాలుగేళ్లు. మిమ్మల్ని వెనక్కి లాగడానికి ఇది చెప్పడం లేదు. మీ ఊళ్లో తలుపు వేసుకుంటున్న ఆ నలుగురైదుగురి మీద కోపం పెట్టుకోవద్దని చెప్తున్నాను. వాళ్లను పదే పదే అడిగి ఊళ్లో బయటపెట్టకండి. ఎవరైనా తనంతట తను ముందుకొస్తే, పోలీసుల దగ్గర కాకుండా మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పించమని న్యాయవాది ద్వారా అడగండి. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తింపజేసింది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అమ్మగారికి, తమ్ముడికి కూడా ఆ దరఖాస్తు పెట్టవచ్చు. కాగితం మీద ఉన్నంత బలంగా అది ఊళ్లో ఉండదు, కానీ ఈ కుటుంబం మీద కోర్టు కన్ను ఉందని తెలిస్తే కొంత మార్పు వస్తుంది.

యూట్యూబ్ వాళ్ల సంగతి. ఊరి పేరు చెప్పి, ఇంకో నాలుగు పేర్లు చెప్పి వీడియో వస్తే మీ బాధ లోకానికి తెలుస్తుంది, నిజమే. ఆ పేర్లవాళ్లు మీ మీద పరువు నష్టం కేసు వేస్తారు, ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో వాళ్లకు తెలిసిపోతుంది, మీ అమ్మగారు ఆ వీడియో కింద వచ్చే మాటలన్నీ చదువుతారు. ముందు ఫిర్యాదు, వాంగ్మూలం కాగితం మీదికి ఎక్కనివ్వండి. తర్వాత కూడా దర్యాప్తు కదలకపోతే, అప్పుడు కావాలంటే పత్రికల వాళ్లతో మాట్లాడండి, అదీ రికార్డులో ఉన్న విషయాలు మాత్రమే.

ఇంకో సంగతికి కూడా మీరు మనసులో చోటు ఉంచుకోవాలి. అది నిజంగానే ప్రమాదం కావచ్చు. మీ రోడ్ల మీద రాత్రిపూట లైట్లు లేకుండా వెళ్లే టిప్పర్లు ఎన్నో మీకే తెలుసు. చైనాలో 2010 డిసెంబరు 25న చియెన్ యున్‌హుయ్ అనే గ్రామ నాయకుడు లారీ కింద పడి చనిపోయాడు. విద్యుత్ కేంద్రం కోసం ఊరి భూములు తీసుకున్నందుకు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి, జైలుకు కూడా వెళ్లొచ్చిన మనిషి. అధికారులు ప్రమాదమన్నారు, లారీ డ్రైవరుకు మూడున్నరేళ్ల శిక్ష పడింది. బయటి నుంచి వెళ్లిన పౌరుల బృందాల్లో ఒకటి కూడా ప్రమాదమనే చెప్పింది. అయినా ఊరివాళ్లు నమ్మలేదు. భూమి విషయంలో అన్నేళ్లు తమ మాట వినని అధికారులు ఈ ఒక్క విషయంలో నిజం చెప్తున్నారని నమ్మడానికి వాళ్లకు కారణం కనిపించలేదు. ఆ చావు ఎలా జరిగిందన్న ప్రశ్న చాలామందికి అలాగే మిగిలిపోయింది. మీ ఇంట్లో అలా మిగలకూడదనే నా తాపత్రయం. సరైన దర్యాప్తు జరిగి ప్రమాదమని తేలితే ఆ జవాబుతో మీ అమ్మగారు బతకగలరు. డబ్బు తీసుకుని నోరు మూసుకుంటే ఆమెకు ఏ జవాబూ దొరకదు.

భూమి దగ్గరికి వస్తే, మీ భుజాల మీద ఉందనుకుంటున్న బరువులో చాలా భాగం మీది కాదు. మేత పోరంబోకు లాంటి నేలలు 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. ఊరుమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అంటే ఆ నేల మీద అభ్యంతరం వదులుకుంటున్నామని రాసివ్వడానికి అది మీ ఇంటి ఆస్తి కానే కాదు. మీరు సంతకం పెట్టినా గొర్రెలు మేపుకునే ఇంకో ఇంటాయన రేపు కోర్టుకు వెళ్లవచ్చు. ఆ పోరాటం మీరే కొనసాగించాలన్న నియమమూ లేదు. ఊళ్లో పశువులున్నవాళ్లు ముందుకొస్తే కాగితాలు వాళ్లకు అందించి మీరు పక్కకు జరగవచ్చు. అది ద్రోహం కాదు.

అయితే ఒక గడువు ఉంది. దావా నాన్నగారు ఒక్కరి పేరు మీదే ఉంటే, చనిపోయిన రోజు నుంచి తొంభై రోజుల్లోగా వారసులు తమ పేర్లు చేర్చమని కోర్టును అడగాలి. లేకపోతే దావా రద్దయిపోతుంది. తర్వాత ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలున్నా, అది ఇంకో తలనొప్పి. అయిదు వారాలు గడిచిపోయాయి. కొనసాగించాలా వద్దా అని మీరు ఇప్పుడే తేల్చుకోలేకపోతే కనీసం పేర్లు చేర్పించండి, తర్వాత మానుకోవాలంటే మానుకోవచ్చు. ఆయన తీయించిన పాత అడంగల్, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకళ్లు, ఆర్టీఐ జవాబులు, అర్జీల రశీదులు అన్నీ స్కాన్ చేసి ఊరి బయట రెండు చోట్ల పెట్టండి. అసలు కాగితాలు పెదనాయనకు కూడా ఇవ్వకండి. అర్జీల్లో ఎక్కడైనా తనకు బెదిరింపులు వస్తున్నాయని ఆయన రాసి ఉంటే అది పోలీసు ఫిర్యాదుకు జతపరచాలి.

డబ్బు మాట కూడా దాచకుండా మాట్లాడుకుందాం. ఇంటి పెద్ద పోయాడు, డబ్బు అవసరమే. గుర్తు తెలియని వాహనం ఢీకొట్టి చనిపోతే కుటుంబానికి రెండు లక్షలు ఇచ్చే పథకం 2022 నుంచి ఉంది, దానికి దరఖాస్తు పెట్టినంత మాత్రాన హత్య కాదని మీరు ఒప్పుకున్నట్టు కాదు. వాహనం దొరికితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిము వేయవచ్చు, ఆరు నెలలు దాటకుండా వేయండి. పదిహేను లక్షలతో పోలిస్తే ఆ రెండు లక్షలు చిన్న మొత్తమే కావచ్చు. కానీ హత్య రాజీకి వచ్చే నేరం కాదు. ఎవరి మీదా అనుమానం లేదని మీరు రాసిచ్చినా చట్టం దృష్టిలో కేసు చావదు, మీ మాట విలువ మాత్రం చచ్చిపోతుంది. రేపు అమ్మగారు ఏం చెప్పినా, అప్పుడు ఇలా సంతకం పెట్టావు కదా అని ఆ కాగితమే చూపిస్తారు.

తమ్ముడి గురించి మీరు రాసిన తీరులో కోపం కనిపించింది. అతను నాన్నను అమ్ముకుంటున్నాడని నాకు అనిపించలేదు. మీరు బెంగళూరు బస్సు ఎక్కుతారు, అతను అదే క్రాస్ మీదుగా రోజూ రాత్రి ట్రాక్టరు తోలుకుంటూ ఇంటికి రావాలి. ఆ భయాన్ని చిన్నబుచ్చకండి. ఫిర్యాదు మీ పేరు మీద ఇవ్వండి, అతన్ని ముందుకు తోయకండి. కొన్నాళ్లు ప్లాంటు పని మాని ఇంకో చోట తోలుకోవడానికి, ట్రాక్టరు కిస్తీ మీరు కట్టగలరేమో చూడండి. అమ్మగారిని కొన్ని నెలలు మీ దగ్గరికి తీసుకెళ్లడం కూడా ఆలోచించండి. ఊరొదిలి రానంటారేమో. ఆమె ఇష్టం ఆమెదే, కానీ అడిగి చూడండి.

ఇక మీరు చివరిసారి ఫోన్లో అన్న మాట. ఎందుకు నాయనా మనకీ గొడవ అని కూతురు కాక ఇంకెవరు అంటారు? ఆయన ప్రాణం మీద భయంతోనే విసుక్కున్నారు, అది ఆయనకు తెలియదని ఎందుకు అనుకుంటున్నారు? రెండుసార్లు సర్పంచిగా చేసి ఊరందరి విసుగూ భరించిన మనిషికి కూతురి విసుగులో ఉన్న ప్రేమ అర్థం కాకుండా ఉండదు. ఆ మాటకు పరిహారంగా కేసు నడపాలని మాత్రం అనుకోకండి. మీకు, అమ్మగారికి జవాబు కావాలనిపిస్తేనే నడపండి. నిద్ర పట్టడం లేదని, ఆఫీసులో ఏడుపు ఆగడం లేదని రాశారు. న్యాయవాదిని వెతికినంత శ్రద్ధగానే ఒక మానసిక వైద్యుణ్నీ వెతుక్కోండి. ఈ పనులన్నీ చేయడానికి మీరు నిలబడి ఉండాలి కదా.

పెద్దమనుషులు కూర్చోబెడతామన్న రోజు ఇంకా పది రోజులుందని రాశారు. పెదనాయనతో తెగతెంపులు చేసుకోనక్కర్లేదు. ఆయన మీద కూడా ఎవరి ఒత్తిడో ఉండి ఉంటుంది. కర్మల బాధలో ఉన్నాం పెదనాయనా, మా వకీలు చూశాకే ఏ కాగితమైనా అని మర్యాదగా చెప్పండి. ఆ పది రోజుల్లోపు అమ్మగారి వాంగ్మూలం, స్టేషన్లో ఇచ్చిన లేదా ఎస్పీకి పంపిన ఫిర్యాదు రశీదు, దావాలో పేర్లు చేర్చే వకాలత్ మీ చేతిలో ఉండేలా చూసుకోండి. ఆ తర్వాత ఏం జరిగిందో మళ్లీ రాయండి.